విఠలాలయం దగ్గర బండి నడిపే అమ్మాయికి

కమలాపురం దగ్గరి రిసార్టులో దిగి, గైడుతో హంపి చూడటానికి వెళ్లిన కుటుంబం మాది. విరూపాక్షాలయంలో గోపురం నీడ చీకటి గోడ మీద తలకిందులుగా పడటం చూసి నాన్నగారు పసిపిల్లాడిలా మురిసిపోయారు. విఠలాలయానికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రాతిరథం ముందు గైడు 1565 నాటి తళ్లికోట యుద్ధం వివరంగా చెప్పారు. ఆ ఎండలో కాస్త క్లుప్తంగా చెప్పినా రాయలవారు ఏమీ అనుకునేవారు కాదు!

బయటికి రాగానే నాన్నగారికి కళ్లు తిరిగాయి. బ్యాటరీ బండి దగ్గర పెద్ద వరుస. బండి నడిపే అమ్మాయి మమ్మల్ని చూసి, వరుసలో ఉన్నవారికి కన్నడంలో ఏదో నచ్చజెప్పి, నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టింది. తన తువ్వాలు తడిపి తల మీద కప్పింది. "ఏమీ కాదు తాతా, కళ్లు మూసుకోండి" అంది తెలుగులో. గతుకుల దగ్గర మెల్లగా పోనిచ్చింది. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుంది. పేరు అడిగేలోపు బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

ఎవరైనా ఆ అమ్మాయికి చెప్పండి: తాతగారు క్షేమం. మర్నాడే మహానవమి దిబ్బ ఎక్కుతానని పేచీ పెట్టారు. తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. నీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు, తల్లీ.