జనరల్ గారి సభకు చేయి వేసిన వాళ్లందరికీ

జులై 16న మా హైస్కూల్ ఆవరణలో జనరల్ కె.వి. కృష్ణారావు గారి జయంతి సభ జరిగింది. మాజీ సైనికుల సంఘం వాళ్లు పది రోజుల ముందు వచ్చి, "టీచరు గారూ, ఆయన సర్వీసు గురించి ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. రోజూ సోషల్ చెప్పేదాన్నే కదా, ఇదెంత పని అని ఒప్పేసుకున్నాను. ఆ తర్వాత పడ్డ టెన్షన్ మా ఇంట్లో వాళ్లకు తెలుసు. సభ అయ్యాక చాలామంది బాగా మాట్లాడావని మెచ్చుకున్నారు. ఆ మెప్పులో నా వాటా తక్కువ. మిగతా వాటాదారులెవరో చెప్పేస్తే నాకు నిద్ర పడుతుంది.

మొదట మా వీధి చివర ఉండే సుబేదార్ బాబాయ్ గారు. నేను రాసుకున్న కాగితం పట్టుకెళ్లి ఆయన ముందు చదివాను. 1923లో పుట్టారు, 1942 ఆగస్టులో సైన్యంలో చేరారు, మహార్ రెజిమెంట్, 1981 జూన్ 1న ఆర్మీ చీఫ్ అయ్యారు, 1983 జులై 31న రిటైరయ్యారు... సగం కాకముందే ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "తల్లీ, ఇది సర్వీసు బుక్కు. పిల్లల ముందు ఇది చదివితే మొదటి వరసే నిద్రపోతుంది. సిల్హెట్ చెప్పు" అన్నారు.

సిల్హెట్ ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఎక్కడుందో మ్యాప్‌లో చూపించగలను. అక్కడ మన జనరల్ గారికేం పనో మాత్రం నాకు తెలియదు. బాబాయ్ గారు పిన్నిగారి పప్పు డబ్బాలు, ఉప్పు సీసా గట్టు మీద పేర్చి యుద్ధం చూపించారు. 1971లో కృష్ణారావు గారు మేజర్ జనరల్. 8వ మౌంటెన్ డివిజన్ ఆయన చేతిలో ఉంది. అప్పట్లో నాగాలాండ్, మణిపూర్ కొండల్లో ఉండే ఆ డివిజన్‌కు బంగ్లాదేశ్ యుద్ధంలో సిల్హెట్ వైపు బాధ్యత పడింది. డిసెంబర్ 7న ఆ డివిజన్‌లోని ఒక గూర్ఖా బెటాలియన్‌ను, అంటే 4/5 గూర్ఖా రైఫిల్స్‌ను (5వ గూర్ఖా రైఫిల్స్‌లోని 4వ బెటాలియన్), హెలికాప్టర్లలో తీసుకెళ్లి సిల్హెట్ పక్కన దించారు. మన సైన్యం హెలికాప్టర్లలో వెళ్లి శత్రువు గడ్డ మీద అలా దిగడం అదే మొదటిసారి. అక్కడ శత్రువులు, అంటే పాకిస్తాన్ సైనికులు, తక్కువే ఉంటారు, రెండు రోజుల్లో వెనక సైన్యం వచ్చి కలుస్తుంది అనుకున్నారు. శత్రువులేమో చాలామంది ఉన్నారు. రెండు రోజులనుకున్నది తొమ్మిది రోజులైంది.

ఈలోగా బీబీసీ రేడియో, సిల్హెట్‌లో గూర్ఖా బ్రిగేడ్ దిగిందని చెప్పేసింది. బ్రిగేడ్ అంటే మూడు బెటాలియన్లు. ఉన్నది ఒక్కటి. ఆ వార్త మన వాళ్లూ విన్నారు. శత్రువులు ఎలాగూ అలా అనుకుంటున్నారు కదా అని బ్రిగేడ్ ఉన్నట్టే విస్తరించి మోహరించారు. చివరికి ఎదుటి వాళ్లు లొంగిపోయేదాకా అలాగే నిలబడ్డారు. ఇక్కడ బాబాయ్ గారు ఉప్పు సీసాను పప్పు డబ్బాల మధ్య పెట్టి, "ఇదొక్కటే, చూశావా" అన్నారు. సభలో నేను చాక్‌పీసులతో ఇదే ఆట ఆడాను. వెనక బెంచీ వాళ్లు లేచి నిలబడి చూశారు. బాబాయ్ గారూ, ఆ చప్పట్లు మీవి.

ఇక నా ఘనకార్యం. ఫ్లెక్సీ మీద "ఫీల్డ్ మార్షల్ కృష్ణారావు" అని రాసిచ్చింది నేనే. అది జనరల్ కంటే పై హోదా, పెద్ద మాట వేస్తే గౌరవంగా ఉంటుందనుకున్నాను. సభకు ముందురోజు రాత్రి అది కట్టడానికొచ్చిన ఒక మాజీ హవల్దార్ గారు, "అమ్మా, మన సైన్యంలో ఫీల్డ్ మార్షల్ అయింది మానెక్‌షా, కరియప్ప ఇద్దరే" అని మెల్లగా చెప్పారు. నలుగురి ముందు నన్ను చిన్నబుచ్చకుండా పక్కకు పిలిచి మరీ చెప్పినందుకు ఆయనకు ప్రత్యేకంగా నమస్కారం. కరియప్ప గారికి ఆ హోదా 1986లో, రిటైరైన ముప్పై మూడేళ్లకు ఇచ్చారని కూడా ఆయన చెబితేనే తెలిసింది. రాత్రి పదింటికి షట్టర్ ఎత్తి మళ్లీ ప్రింటు తీసిన ఫ్లెక్సీ షాపు అబ్బాయి డబ్బులు తీసుకోనంటే తీసుకోనన్నాడు. వాళ్ల అన్నయ్య జమ్మూలో డ్యూటీలో ఉన్నాడట.

జమ్మూ అంటే గుర్తొచ్చింది. శాఖా గ్రంథాలయం మేడమ్ గారు మూసేసే టైమ్ దాటాక కూడా కూర్చుని, 1995 నాటి పాత పేపర్ల కట్ట దుమ్ము దులిపి నాకిచ్చారు. కృష్ణారావు గారు అప్పుడు జమ్మూకశ్మీర్ గవర్నర్. జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన మాట్లాడుతుండగా బాంబులు పేలాయి. ఎనిమిది మంది చనిపోయారు. ఆయన బతికి బయటపడ్డారు, 1998 దాకా అక్కడే గవర్నర్‌గా కొనసాగారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. అంతకుముందు నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు కూడా గవర్నర్‌గా చేశారు కానీ టైమ్ లేక దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాను.

1975లో సైన్యం ఆధునికీకరణ మీద ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ గురించి ఎందుకు చెప్పలేదని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన చేసిన పనుల్లో ఎక్కువ కాలం నిలిచింది అదేనేమో. కానీ ఏడో తరగతి పిల్లలకు కమిటీని చాక్‌పీసులతో ఎలా చూపించాలో నాకు తట్టలేదు. మీకు తడితే చెప్పండి, వచ్చే ఏడాది మీరే మాట్లాడుదురుగాని.

పులిహోర చేసి పంపిన ముగ్గురు అక్కయ్యలకు, మైకు మధ్యలో పోతే బడి గంట కొట్టి జనాన్ని ఆపిన అటెండర్ గారికి, చివరిదాకా ఉండి బెంచీలు సర్దిన తొమ్మిదో తరగతి పిల్లలకు పేరుపేరునా థాంక్స్. ఎవరివో రెండు నీలం కుర్చీలు ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. సాయంత్రం ఐదు తర్వాత ఎప్పుడొచ్చినా తీసుకెళ్లొచ్చు.