బోసినోటికి పళ్లతోపాటు తడీ కావాలి

ఆరోగ్యశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. నా వయసు 74. నోట్లో ఒక్క పన్నూ లేదు. కట్టుడు పళ్లు పెట్టించుకుని నాలుగేళ్లయింది. అందులో మూడేళ్లు అవి గ్లాసు నీళ్లలోనే గడిపాయి. పెట్టుకుంటే చిగుళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడేవి, నాలుగు మాటలు మాట్లాడేసరికి పై సెట్టు జారి నాలుక మీద పడేది. చేసిన చోట మూడుసార్లు అరగదీసి ఇచ్చారు. నాలుగోసారి వెళ్తే ‘వయసు మీద పడింది కదండీ, అలవాటు చేసుకోవాలి’ అన్నారు.

చివరికి వేరొక దంతవైద్యురాలు చిన్న అద్దాన్ని నా బుగ్గ లోపలికి ఆనించి చూశారు. అద్దం అక్కడే అతుక్కుపోయింది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, నోట్లో ఊరిన లాలాజలాన్ని కొలత గీతలున్న గొట్టంలోకి వదలమన్నారు. నిమిషానికి 0.1 మిల్లీలీటరు కన్నా తక్కువ ఊరితే గ్రంథులు చాలినంత పని చేయడం లేదని లెక్క. నా గొట్టంలో అర మిల్లీలీటరైనా చేరలేదు. లోపం సెట్టులో కాదు, తడిలో ఉంది. పై సెట్టును అంగిటికి పట్టి ఉంచేది పలుచని లాలాజలపు పొరే. అది ఆరిపోతే ఎంత కొలత పెట్టి చేసిన సెట్టయినా జారుతుంది, చిగుళ్లను కోస్తుంది, దాని కింద బూజు జాతి క్రిములు చేరి అంగిలి ఎర్రబడుతుంది.

చెవుల ముందు ఒక జత, కింది దవడ కింద ఒక జత, నాలుక కింద మరో జత పెద్ద గ్రంథులు, పెదవుల్లోనూ బుగ్గల్లోనూ వందలాది చిన్న గ్రంథులు ఉంటాయి. వయసుతో వీటిలో లాలాజలం తయారుచేసే కణాలు తగ్గి, ఆ చోటును కొవ్వు, నార కణజాలం ఆక్రమిస్తాయి. అయినా ఆరోగ్యంగా ఉన్న వృద్ధులలో, నమిలేటప్పుడు చెవుల దగ్గరి గ్రంథులు ఇచ్చే ఊట పెద్దగా తగ్గదు. కాబట్టి అన్నింటినీ వయసు నెత్తిన రుద్దడం సోమరితనం.

పళ్లు పోతే వాటి వేళ్ల చుట్టూ ఉండే పొర, అందులో నమిలే ఒత్తిడిని పసిగట్టే నాడులు కూడా పోతాయి. గ్రంథులకు ‘ఊరండి’ అని అందే కబుర్లలో ముఖ్యమైనది ఆ దారినే వెళ్తుంది. పైగా పళ్లు లేనివాళ్లం మెత్తనివే తింటాం, నమలడం మానేస్తాం. ఎలుకలకు ద్రవాహారమే పెడితే చెవుల దగ్గరి గ్రంథి కుంచించుకుపోయింది, గట్టి మేత ఇవ్వగానే కోలుకుంది. మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ పని లేని గ్రంథి మనలోనూ బద్ధకిస్తుంది.

అన్నింటికన్నా ఎక్కువ కనిపించే కారణం మందులు. అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చేవి, దిగులుకు వాడేవి, రక్తపోటుకు ఇచ్చే కొన్ని: నోరు పిడచకట్టించే మందులు వందల్లో ఉన్నాయి. నేను అందులో రెండు వేసుకునేవాణ్ని. మా డాక్టరుగారు ఒకటి మాన్పించి, రెండోదాన్ని మార్చారు. నోరు మళ్లీ పాతరోజుల్లా ఊరుతోందని చెప్పను. రాత్రిళ్లు గొంతు తడుపుకోవడానికి ఇప్పటికీ లేస్తాను. అయితే సెట్టు నోట్లో ఉంటోంది.

ప్రపంచవ్యాప్తంగా 60 దాటినవారిలో 23 శాతం మందికి ఒక్క పన్నూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమందికి సెట్టు కొలతలు తీసే ముందు ఆ ఐదు నిమిషాల పరీక్షనూ, వాడే మందుల చీటీ చూడడాన్నీ తప్పనిసరి చేయండి. గీతల గొట్టం, గోడ గడియారం చాలు. యంత్రాలేవీ కొననక్కర్లేదు కనుక టెండర్ల బాధ కూడా లేదు.

ఎన్ని సెట్లు ఇచ్చారన్న లెక్క మీ శాఖ ఎలాగూ రాసుకుంటుంది. ఆరు నెలలు గడిచాక అందులో ఎన్ని నోట్లో ఉన్నాయో, ఎన్ని గ్లాసులో ఉన్నాయో కూడా పక్కనే రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు