బిగ్ స్టార్ పాటలతో ఒక ఏడాది: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలోని మెంఫిస్‌లో ఉంటున్న తెలుగువాళ్లం కొద్దిమందిమి కలిసి, 1970లలో ఈ ఊళ్లోనే పుట్టిన రాక్ బ్యాండు బిగ్ స్టార్ పాటల కోసం నడుపుకుంటున్న మన బృందం 2024లో చేసిన పనుల వివరాలివి. ఈ ఏడాది ఆ బ్యాండు రెండో ఆల్బమ్ 'రేడియో సిటీ'కి యాభై ఏళ్లు నిండాయి కాబట్టి చాలా పనులు దాని చుట్టూనే జరిగాయి.

ఫిబ్రవరిలో ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి దాకా వరసగా విన్నాం. ఈ బ్యాండు సంగీతాన్ని పవర్ పాప్ అంటారు కదా, అదేమిటని కొత్తగా చేరినవాళ్లు అడిగారు. 1967లో ద హూ అనే బ్రిటిష్ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్షెండ్ వాడుకలోకి తెచ్చిన మాట అది. గిటార్లు గట్టిగా మోగాలి, గొంతులు జతగా పలకాలి, బాణీ ఒక్కసారి వింటే నోట ఆడాలి, పాట మూడు నాలుగు నిమిషాల్లో ముగియాలి. ఇంత చెప్పేకంటే 'సెప్టెంబర్ గర్ల్స్' పెట్టడమే మేలనిపించింది. అందులో బ్యాండు గాయకుడు, గిటారిస్టు అలెక్స్ చిల్టన్ వాయించింది మాండో గిటార్. మామూలు గిటార్ కంటే పై స్థాయిలో, గలగలమంటూ పలుకుతుంది. చిన్నప్పటి నుంచి మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు వింటూ పెరిగిన మన పెద్దాయన ఒకరు కళ్లు మూసుకుని విని, "మళ్లీ పెట్టు బాబూ" అన్నారు. ఆ సాయంత్రం ఆ పాట నాలుగుసార్లు మోగింది.

ఏప్రిల్‌లో పిల్లాపాపలతో మ్యాడిసన్ అవెన్యూ వెంట నడిచాం. వాళ్లు పాటలు రికార్డు చేసిన ఆర్డెంట్ స్టూడియో భవనం ముందు ఆగి, బ్యాండు పేరు కథ పిల్లలకు చెప్పాం. రికార్డింగుల మధ్య చిరుతిళ్ల కోసం వెళ్లే బిగ్ స్టార్ అనే సరుకుల దుకాణం పేరునే ఈ కుర్రాళ్లు తమ బ్యాండుకు పెట్టుకున్నారు. అక్కడి నుంచి ఓవర్టన్ స్క్వేర్‌కు వెళ్లాం. 1973లో దేశం నలుమూలల నుంచి వచ్చిన సంగీత విమర్శకుల ముందు వాళ్లు వాయించిన లఫాయెట్స్ అనే సంగీత వేదిక ఉన్నది అక్కడే. 'రేడియో సిటీ' అట్ట మీద ఎర్రటి పైకప్పు, నడిమధ్య బల్బు, దాని నుంచి పాకిన తెల్లటి తీగలు ఉంటాయి. మన మెంఫిస్‌లోనే పుట్టిన విలియం ఎగల్‌స్టన్ తీసిన ఫొటో అది. రికార్డు చేతులు మారుతూ తిరిగింది. ఒక పాప ఆ తీగల మీద వేలితో గీత గీస్తూ చాలాసేపు వదల్లేదు.

ఇంత మంచి పాటలు అప్పట్లో ఎందుకు ఆడలేదన్న ప్రశ్న ఈసారీ ప్రతి సమావేశంలో వచ్చింది. నాకు తెలిసిన జవాబు ఒకటే: సరుకు అంగడికి చేరలేదు. 1972లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'నంబర్ వన్ రికార్డ్'ను పత్రికలు మెచ్చుకున్నాయి. దుకాణాలకు పంపే బాధ్యత స్టాక్స్ అనే రికార్డుల సంస్థది. నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతానికి పెట్టింది పేరైన ఆ సంస్థ ఈ రాక్ రికార్డును సరిగా చేరవేయలేకపోయింది. ఆ తరువాత కొలంబియా అనే పెద్ద రికార్డుల సంస్థతో కుదిరిన పంపిణీ ఒప్పందమూ బెడిసికొట్టింది. మొదటి ఆల్బమ్ అప్పట్లో పదివేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదు. పదహారేళ్లకే బాక్స్ టాప్స్ అనే మరో బ్యాండుతో 'ద లెటర్' పాడి అమెరికాలో నంబర్ వన్‌కు చేరిన చిల్టన్‌కు ఈ పరాజయం ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. తరువాతి తరంలో ఆర్.ఇ.ఎం., టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ లాంటి బ్యాండ్లు వీళ్లను గురువులుగా చెప్పుకున్నాయి.

జూలైలో ఒక ఇబ్బంది ఎదురైంది. అద్దెకు తీసుకున్న హాల్లో సౌండ్ సిస్టమ్ పలకలేదు, బాగుచేసే మనిషీ దొరకలేదు. అందరం పార్కింగ్‌లోకి వచ్చి, ఒక కారు తలుపులు నాలుగూ బార్లా తీసి, దాని స్టీరియోలోనే 'ఇన్ ద స్ట్రీట్' పెట్టాం. ఏమీ తోచక వీధుల్లో తిరిగే కుర్రాళ్ల పాట అది, కార్లోనే వినాలేమో. 'దట్ సెవెంటీస్ షో' అనే టీవీ సీరియల్ మొదట్లో వచ్చే పాట ఇదేనని ఒక సభ్యురాలు వెంటనే గుర్తుపట్టారు. ఆ బాణీ చిల్టన్, బ్యాండులోని మరో గాయకుడు, గిటారిస్టు క్రిస్ బెల్ కట్టిందని ఆమెకు అప్పుడే తెలిసింది.

అక్టోబరులో బ్యాండు మూడో ఆల్బమ్ 'థర్డ్' మీద చర్చ పెట్టాం. 1974లో రికార్డు చేసినా 1978 దాకా బయటికి రాని ఆల్బమ్ అది. ఇది పవర్ పాప్ కానే కాదని కొందరు, బ్యాండు చేసినవాటిలో ఇదే గొప్పదని కొందరు గట్టిగా వాదించుకున్నారు. ఆ చీకటి పాటలు నాకు ఎంతో ఇష్టమే గానీ, ఎవరికైనా మొదటిసారి వినిపించాల్సినవి అవి కావు.

డిసెంబరు 27న క్రిస్ బెల్‌ను తలుచుకున్నాం. 1978లో అదే రోజున, 27 ఏళ్ల వయసులో, పాప్లర్ అవెన్యూలో కారు స్తంభానికి గుద్దుకుని ఆయన చనిపోయారు. మనలో చాలామంది రోజూ ఆఫీసుకు వెళ్లే దారి అది. బతికుండగా ఆయన పేరు మీద వచ్చింది 'ఐ యామ్ ద కాస్మోస్' సింగిల్ ఒక్కటే. ఆ పాట అయ్యాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. చిల్టన్, బేస్ గిటారిస్టు ఆండీ హమ్మెల్ ఇద్దరూ 2010లో వెళ్లిపోయారు. మొదటి నలుగురిలో ఇప్పుడు డ్రమ్మర్ జోడీ స్టీఫెన్స్ ఒక్కరే ఉన్నారు.

జమాఖర్చుల కాగితం విడిగా పంపాం, సందేహాలుంటే కోశాధికారిని అడగండి. జూలై అనుభవం తరువాత చందాల సొమ్ముతో రెండు స్పీకర్లు కొన్నాం. జనవరి సమావేశంలో 'నంబర్ వన్ రికార్డ్' వింటాం. ప్రతి ఒక్కరూ ఈ బ్యాండు పేరు ఇంతవరకూ వినని ఒక్కరినైనా వెంటబెట్టుకు రావాలని మనవి.

కార్యదర్శి