పిల్లల పేరిట వచ్చే సొమ్ముకు లెక్క ఎవరికి చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

తల్లిదండ్రులు లేని పిల్లలకు, ఉన్నా పోషించలేని స్థితిలో ఉన్నవారి పిల్లలకు ప్రభుత్వాలిచ్చే భృతి చాలాసార్లు ఒక బంధువు చేతికో, పోషణ సంస్థకో, అధికారులు నియమించిన మరొకరికో అందుతుంది. మైనరు సొమ్మును పెద్దవాళ్లెవరో ఒకరు చూడక తప్పదు కనుక ఈ ఏర్పాటును తప్పుపట్టలేం. అయితే ఆ మనిషిని ఎంపిక చేసేటప్పుడు చూపే శ్రద్ధలో పావువంతైనా ఆ తరవాత లెక్క అడగడంలో కనిపించదన్నది నా ఫిర్యాదు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి పద్దులు చూసిపెట్టే పని కొంతకాలం నాకు అప్పగించారు. ఒకాయన తన మేనల్లుడి భృతి తాలూకు పుస్తకం తెచ్చాడు. పన్నెండు నెలల ఖర్చూ ఒకే సిరాతో, ఒక్క కొట్టివేతైనా లేకుండా ఉంది. 'ఇతర ఖర్చులు' ఎదుట ప్రతి నెలా అదే అంకె. నెలనెలా రాసిన పద్దులో ఎక్కడో ఒకచోట కూడికలో తప్పు దొర్లక మానదు. అలాగని ఆయన సొమ్ము తినేశాడని నేననను. పిల్లవాడు శుభ్రంగా ఉన్నాడు, బడికి వెళ్తున్నాడు; బహుశా నేను అడుగుతానని తెలిసి ముందురోజు రాత్రి కూర్చుని రాసి ఉంటాడు. నా మనసులో నాటుకున్నది వేరే మాట. కాళ్లకున్న కొత్త బూట్లు చూసి బాగున్నాయంటే, "మావయ్య కొనిపెట్టాడండీ, పాపం డబ్బుల్లేకపోయినా" అన్నాడా పిల్లవాడు. నెలనెలా తన పేరిట సొమ్ము వస్తోందని ఆ పదకొండేళ్లవాడికి ఎవరూ చెప్పలేదు.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడదగ్గది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టంతో అక్కడ ఆధారం లేని పిల్లలకు సాయం మొదలైంది. చేతికందిన సాయాన్ని పెద్దవాళ్లు పిల్లల కోసం వాడలేకపోతున్నారని తేలినప్పుడు, దాన్ని ఆ పిల్లల మేలు కోరే మరొకరికి ఇవ్వడానికి 1962 సవరణలు వీలు కల్పించాయి. ఉద్దేశం మంచిదే కాని, పేదతల్లి ఇబ్బందిని చేతకానితనంగా జమకట్టే ప్రమాదం ఇలాంటి నిబంధనలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఇప్పుడక్కడ సామాజిక భద్రత కింద పిల్లల తరఫున సొమ్ము అందుకునేవారు దాన్ని ముందుగా తిండి, వసతి, బట్టలు, వైద్యం వంటి అవసరాలకు వాడాలి, మిగిలింది పిల్లల పేరిట దాచాలి, తమ సొంత డబ్బుతో కలపకూడదు.

నిబంధనలు ఇంత స్పష్టంగా ఉన్నా చిక్కు తీరలేదు. తన సంరక్షణలో ఉన్న పిల్లల సొమ్మును వాళ్ల పోషణ ఖర్చు కిందే వాషింగ్టన్ రాష్ట్రం జమ చేసుకోగా, అది సమాఖ్య చట్టానికి విరుద్ధం కాదని 2003లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. చట్టం మాట ఎలా ఉన్నా, ఎటూ తాను పెట్టవలసిన అన్నానికి పిల్లవాడి దగ్గరే డబ్బు పుచ్చుకోవడం నాకు మింగుడుపడదు. మేరీలాండ్ రాష్ట్రానికీ అలాగే తోచినట్టుంది. 2018లో చేసిన చట్టంతో అక్కడ పద్నాలుగేళ్లు వచ్చినప్పటి నుంచి ఈ సొమ్ములో కనీసం 40 శాతం, పదహారు నుంచి 80 శాతం, పద్దెనిమిది దాటాక మొత్తం పిల్లలకే దాచి ఉంచాలి.

తమ దగ్గరే ఉన్న పిల్లల భృతికి కన్నవారు ఏటా నివేదిక పంపనక్కర్లేదని అదే 2018లో సమాఖ్య చట్టం సడలించింది. అది సబబే. అగ్గిపెట్టెకు కూడా రసీదు అడిగితే మేనమామలూ అమ్మమ్మలూ ఈ బాధ్యతకే దణ్ణం పెట్టి తప్పుకుంటారు. పదుల మంది పిల్లల సొమ్ము ఒకేచోట చూసే సంస్థల సంగతి మాత్రం వేరు. వాటి పద్దులను వాటితో ఏ సంబంధమూ లేనివాళ్లు చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి, బ్యాంకు పుస్తకాన్ని ఖర్చు పుస్తకం పక్కన పెట్టి చూడాలి.

ఇక ఎవరి చేతిలో ఉన్న సొమ్ముకైనా వర్తించవలసిన మాట ఒకటుంది. నేనప్పట్లో నింపిన తనిఖీ పత్రంలో సంరక్షకుడి సంతకానికి చోటుంది, నా సంతకానికి చోటుంది. ఈ సొమ్ము నీదేనని, ఇంత వచ్చిందని, ఇంత మిగిలిందని పిల్లవాడికి చెప్పారా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. ఊహ తెలిసిన పిల్లల విషయంలోనైనా ఆ ఒక్క గడి చేర్చాలని, దాన్ని పిల్లవాణ్నే అడిగి నింపాలని సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు