ఉండేది ఒకచోట, ఊరు ఇంకోచోట: మన కాలనీ సంక్షేమ సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదికను వీధి దీపాలు ఎన్ని మార్చాం, బోరు మోటారు ఎన్నిసార్లు కాలింది, మెయింటెనెన్స్ ఎవరెవరు బాకీ ఉన్నారు అంటూ మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అవన్నీ చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఎందుకంటే ఈ ఏడాది మన టైం అంతా వేరే పనికి పోయింది. ఇంటింటికీ తిరిగి, ఇక్కడ ఉండటం మీకెలా ఉంది అని అడిగాం. మన గోడ లోపలి ఇళ్ళతో ఆగకుండా గోడ అవతల పాత ఊళ్ళోకి కూడా వెళ్ళాం. దీని మీద కమిటీలో గట్టిగానే గొడవైంది. మన డబ్బులతో వాళ్ళ కష్టాలు వినడం ఏమిటన్నవాళ్ళు ఉన్నారు. పేర్లు రాయను గానీ, తర్వాత ఎండలో ఎక్కువ ఇళ్ళు తిరిగింది కూడా వాళ్ళే.

అసలు ఎందుకు అడగాల్సి వచ్చిందో మీకు తెలిసిందే. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉన్న 51 గ్రామ పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపేశారు, వాటిలో మన ఊరు ఒకటి. పడుకునేటప్పుడు పల్లె, లేచేసరికి పట్నం. అంతకుముందే, ఫిబ్రవరి నుంచి, సర్పంచ్ పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్ పాలన నడుస్తోంది. అంటే పోయి నిలదీయడానికి ఒక మనిషి లేకుండా ఏడెనిమిది నెలలు గడిచాక బోర్డు మారింది. బోర్డు మారినప్పుడు మన కాలనీ వాట్సాప్ గ్రూపులో స్వీట్ల బొమ్మలు, చప్పట్లు. "ఇక గజం రేటు చూడండి" అని ఒకటే మెసేజ్‌లు. గోడ అవతల మాత్రం చాయ్ హోటల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదని మన పాలాయన చెప్పాడు. ఒకే కబురు ఇటు ఒకలా అటు ఒకలా చేరిందంటే మనకు మనం తెలియదనేగా! అందుకే తిరిగాం.

మొదటి విడత ఫెయిల్. ఫారం ఒకటి తయారు చేశాం: నీళ్ళు, రోడ్డు, చెత్త, కుక్కలు, భద్రత, ఒక్కోదానికి అయిదు మార్కులు. గేటు దగ్గర నిలబడి అడిగితే అందరూ "బాగానే ఉందండీ" అన్నారు. నవంబరులో ప్రభుత్వం వాళ్ళ కుటుంబ సర్వే నడుస్తోంది, 75 ప్రశ్నలు అడిగి స్టిక్కర్ అంటించి వెళ్ళారు. ఆ వెనకే మేము కాగితాలు పట్టుకుని వెళ్తే ఒకావిడ, "మా మిక్సీ సంగతి కూడా వాళ్ళకు చెప్పేశానండీ, ఇంకేం మిగల్లేదు" అని తలుపు వేసుకుంది. తప్పు ఆవిడది కాదు.

ఇంకో సంగతి. ఇలా మనసులో మాట అడగడం ప్రభుత్వం కూడా చేసింది. 2020లో కేంద్రం 111 నగరాల్లో 32 లక్షల మందికి పైగా జనాన్ని మీ ఊళ్ళో బతకడం ఎలా ఉందని అడిగి, ఆ జవాబులకు నగరాల ర్యాంకుల్లో 30 శాతం వెయిటేజీ ఇచ్చింది. మొత్తం మీద పెద్ద నగరాల్లో బెంగళూరు ఫస్టు వచ్చింది, మన హైదరాబాద్ 24. కానీ జనం అభిప్రాయం ఒక్కటే చూస్తే పైన ఉన్నవి భువనేశ్వర్, సిల్వాసా, దావణగెరె, ఆ తర్వాత మన కాకినాడ! మూడో లైనులో ఉండే కాకినాడ మేడం ఈ ముక్క మీటింగులో చెప్పినప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. ఆవిడ ఇక్కడికి వచ్చి పన్నెండేళ్ళు దాటింది, ఇల్లు ఇక్కడే, లోన్ కడుతున్నదీ ఇక్కడే. అయినా ఆ ర్యాంకు తనకు వచ్చినట్టే మాట్లాడింది.

ఆవిడ మాటతోనే మాకు దారి దొరికింది. రెండో విడతలో ఫారాలు పక్కన పడేశాం. కూర్చోమన్న ఇంట్లోనే కూర్చుని ఒకటే అడిగాం: మీ ఊరేది? తణుకు, సూర్యాపేట, గుడివాడ, సిద్దిపేట, నరసాపురం, జనగామ. మన కాలనీ పేరు చెప్పిన ఇల్లు ఒక్కటి లేదు. పదిహేనేళ్ళ నుంచి ఉంటున్నవాళ్ళు కూడా "ఉండేది ఇక్కడ, ఊరు మాత్రం..." అంటూ మొదలుపెట్టారు. ఇక్కడే పుట్టిన ఐదో తరగతి పిల్లాణ్ణి అడిగితే, "ఊరంటే సెలవులకు వెళ్తాం కదా, అదే" అన్నాడు. వాళ్ళ నాన్న నవ్వాడు గానీ కాసేపటికి టీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో అమ్మానాన్నలున్న మన సభ్యుడొకాయన మూడు రోజులు డాబా మీదే ఉన్నాడు, సిగ్నల్ అక్కడే బాగా వస్తుందని. కింద వీధిలో వినాయక చవితి చందాల లెక్క నడుస్తోంది, ఎవరికీ తెలియదు. నాలుగో రోజు తెలిసింది, అది కూడా ఆయన ఆఫీసుకు వెళ్ళలేదేమని పక్కింటివాళ్ళు అడిగితే. "చెప్పి ఉంటే వచ్చేవాళ్ళం కదా" అంటే, "ఎవరికి చెప్పాలో తోచలేదండీ" అన్నాడు. సంఘం కార్యదర్శిగా ఈ ఏడాది నేను విన్నవాటిలో నాకు నిద్ర పట్టనివ్వని మాట ఇదే. మన దగ్గర సీసీ కెమెరాలున్నాయి, గ్రూపులో రోజుకు వంద గుడ్ మార్నింగ్‌లు వస్తాయి. ఆ మూడు రోజులు మాత్రం డాబా మీద మనిషి ఎవరికీ కనపడలేదు.

ఇక గోడ అవతలి సంగతి. అక్కడ ఫారాలు అసలు తీసుకెళ్ళలేదు, బుద్ధొచ్చింది కదా. హనుమాన్ గుడి అరుగు మీద కూర్చున్నాం. మొదటి రోజు వాళ్ళే మమ్మల్ని అడిగారు: మీ కాలనీకి బొడ్రాయి ఉందా? మనలో కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు ఈ మాట కొత్త, అందుకని చెప్తున్నా. ఊరు కట్టేటప్పుడు నడిమధ్య పాతే రాయి బొడ్రాయి, అంటే ఊరికి బొడ్డు. దాని పండుగ చేస్తే పెళ్ళయి వెళ్ళిన ఆడబిడ్డలందరూ దిగుతారు. మన ట్రెజరర్ గారు తడుముకోకుండా, "మా బొడ్రాయి ట్రాన్స్‌ఫార్మర్ పెద్దాయనా, అది పేలితేనే అందరం బయటికొస్తాం" అన్నారు. అరుగంతా నవ్వులు. ఆ తర్వాతే మాటలు కదిలాయి.

వాళ్ళ భయాలు మనకు వార్తల్లో కనపడేవి కావు. ఉపాధి హామీ పల్లెలకే గనక మున్సిపాలిటీ అయితే ఆ పని పోయినట్టే. 2024–25లో రోజుకు 300 రూపాయల పని, ఎండాకాలంలో చెరువు మట్టి తీసే పని. దాని మీదే మందులకు, మనవడి ఫీజుకు లెక్కేసుకున్న ఆడవాళ్ళు ఆ అరుగు మీద నలుగురు కనపడ్డారు. ఇంటి పన్ను ఎంతవుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఇదివరకు నల్లా రాకపోతే కారోబార్ (పంచాయతీ గుమస్తా) ఇంటికి పోయి కేకేసేవాళ్ళు, అతను తిట్లు తిని వాల్వు తిప్పేవాడు. ఇప్పుడు ఆఫీసుకు పోతే ఆన్‌లైన్‌లో పెట్టమంటున్నారట. "మనిషిని తిడితే నీళ్ళొచ్చేటివి, ఫోన్‌ను తిడితే ఏమొస్తది?" అని ఒకాయన అడిగాడు. మన కాలనీలో యాప్‌లో పెట్టి ఇరవై రోజులు ఎదురుచూసిన డ్రైనేజీ కంప్లయింట్ గుర్తొచ్చి నేనేం మాట్లాడలేదు.

అవ్వ ఒకావిడ మాట మాత్రం యథాతథంగా రాస్తున్నా: "ఊరు ఊరు లెక్క లేదు బిడ్డా, పట్నం పట్నం లెక్క రాలేదు. నడిమిట్ల ఏలాడుతున్నం." ఆవిడ ఇంటి ముందు అరుగు సీసీ రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. రోడ్డు బాగుందా అవ్వా అంటే బాగుంది అంటుంది, నిజంగానే అంటుంది, వానొస్తే బురద లేదు. కానీ సాయంత్రం కూర్చోవడానికి చోటు లేక ఇంటి లోపల టీవీ ముందు కూర్చుంటోంది. మన మొదటి విడత ఫారంలో రోడ్డుకు అయిదు మార్కుల గడి ఉంది. అరుగుకు గడి లేదు.

ఆవిడే గేటు సంగతి ఎత్తింది. ఈ ఏడాది అందరికంటే ఎక్కువ తలనొప్పి పెట్టిన పని ఇదే, కాబట్టి పూర్తిగా చెప్తాను. మన కాలనీ తూర్పు గోడ కట్టకముందు అక్కడ ఎడ్ల బాట ఉండేది. పాత ఊరివాళ్ళు దాని మీదుగా ఐదు నిమిషాల్లో బస్టాపుకు వెళ్ళేవాళ్ళు. మనం గోడ కట్టి చిన్న గేటు పెట్టి తాళం వేశాం. వాళ్ళు అప్పటి నుంచి వైన్ షాపు ముందు నుంచి చుట్టూ తిరిగి నడుస్తున్నారు. చీకటి పడ్డాక ఆడపిల్లలు కాలేజీ నుంచి వచ్చే దారి కూడా అదే. మనం గోడను భద్రత కోసం కట్టామనుకున్నాం. అవతల అదే గోడ వల్ల ఒక తల్లి రోజూ ఏడింటికి వైన్ షాపు మూల వరకూ నడిచి కూతురి కోసం నిలబడుతోంది. "గీ గేటు ఎవరి కోసం పెట్టిండ్రు బిడ్డా?" అని అవ్వ అడిగితే నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే అప్పటి కమిటీలో నేనూ చెయ్యెత్తినవాణ్ణే.

జనవరిలో, సంక్రాంతికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక, మూడు మీటింగులు పెట్టి పొద్దున 5 నుంచి రాత్రి 10 వరకు గేటు తీసి ఉంచాలని తీర్మానించాం. దొంగతనాలు పెరుగుతాయన్నారు. తీసిన వారంలోనే రెండో లైనులో కొత్త చెప్పుల జత పోయింది, గ్రూపులో రాత్రంతా యుద్ధం. తెల్లారి ఒక చెప్పు పార్కులో, రెండోది మన వీధి కుక్కపిల్ల నోట్లో దొరికాయి. అయినా మూడు ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోలేదు, నిరసనగా మెయింటెనెన్స్ ఆపేశారు. వాళ్ళ భయాన్ని నేను ఎగతాళి చేయను. గేటు పక్కనే ఉన్నది వాళ్ళ ఇళ్ళే, రాత్రి మాటలు వినపడేది వాళ్ళకే. లైటు ఇంకోటి వేశాం, వాచ్‌మెన్ కుర్చీ అటు జరిపాం, ఇంకేం చేయాలో వాళ్ళే చెప్పాలి.

బతుకమ్మ గురించి ఒక్క ముక్క. అక్టోబరు 10న సద్దుల బతుకమ్మ నాడు మన ఆడవాళ్ళు పార్కులో స్పీకర్ పెట్టి ఆడుతుంటే పాత ఊరి నుంచి ఆరేడుగురు అమ్మలు మెయిన్ గేటు దగ్గరికొచ్చి నిలబడి చూశారు. మన ఉపాధ్యక్షురాలు గారు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. వచ్చిన పెద్దావిడ మొదటి మాట, "ఆ డబ్బా బంద్ చెయ్యుండ్రి." బంద్ చేశాం. ఆవిడ పాట అందుకుంది, మనవాళ్ళకు ఒక్క చరణం కూడా రాదు, ఉయ్యాలో దగ్గర మాత్రం అందరూ గొంతు కలిపారు. తర్వాత మాటల్లో తెలిసింది, వాళ్ళ చిన్నప్పుడు తంగేడు, గునుగు పూలు కోసుకునే చెలకలోనే ఇప్పుడు మన పార్కు ఉందట. మనం ఆ రోజు అవే పూలు బోయిన్‌పల్లి నుంచి ఆటోలో తెప్పించాం.

మిగతా పనులు గబగబా. వీధి దీపాలు దాదాపు అన్నీ మార్చాం, ఆరో లైను చివరి స్తంభం తప్ప, అది విద్యుత్ శాఖవాళ్ళు జరిపేదాకా కుదరదు. ఎల్‌ఆర్‌ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) 2025 మార్చి 31 వరకు 25 శాతం రాయితీ ఇస్తామన్నప్పుడు కమ్యూనిటీ హాల్లో రెండు ఆదివారాలు కూర్చుని దరఖాస్తుల స్టేటస్ చూసిపెట్టాం, పాత ఊరి నుంచి కూడా వచ్చారు, వాళ్ళవీ చూశాం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం మార్చి నాటికి మళ్ళీ మొదటికొచ్చింది, అన్నీ ఒకే కవర్లో వేసి ఆటో వెళ్ళిపోయాక గోడ మీంచి పాత ఊరి వైపు విసిరేవాళ్ళు మనలోనే ఉన్నారు, కెమెరాలో కనపడుతోంది, దయచేసి మానండి. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద అంటించాం, అనుమానాలుంటే ట్రెజరర్ గారిని అడగండి, గ్రూపులో కాదు.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు. ఈసారి కమ్యూనిటీ హాల్లో కాకుండా హనుమాన్ గుడి అరుగు దగ్గర పెడదామని పాత ఊరివాళ్ళు పిలిచారు, కమిటీ సరేనంది. కుర్చీలు ఉండవు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోండి. ఎజెండాలో ఒక్కటే పెద్ద విషయం. తూర్పు గేటుకు రెండు తాళంచెవులున్నాయి, రెండూ ఇప్పుడు మన వాచ్‌మెన్ దగ్గరే ఉన్నాయి. రెండోది అటువైపు ఎవరికైనా ఇవ్వాలా, ఇస్తే ఎవరికి అన్నది ఆ రోజు తేల్చాలి. ఒప్పుకోని ఆ మూడు ఇళ్ళవాళ్ళు కూడా తప్పకుండా రావాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి