విశ్వవిద్యాలయ పురస్కారాల్లో గ్రంథాలయ సిబ్బందికి చోటేదీ?

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాలు, వ్యవస్థాపక దినోత్సవాల వార్తలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా ఉత్తమ అధ్యాపకులు, ఉత్తమ పరిశోధకులు, ఉత్తమ క్రీడాకారుల పేర్లు చదువుతుంటాము. వారిని సత్కరించడం సముచితమే. కానీ ఆ పరిశోధకుల్లో దాదాపు ప్రతి ఒక్కరూ ఏదో ఒక దశలో గ్రంథాలయ సిబ్బంది బల్ల ముందు నిలబడి సాయం అడిగినవారే అయినా, ఆ సిబ్బంది పేర్లు మాత్రం ఈ జాబితాల్లో కనబడడం అరుదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల తొలి పుటల్లో పర్యవేక్షకుల పేరు, వారి సతీమణి పేరు, టైపు చేసినవారి పేరు కూడా ఉంటాయి. గ్రంథాలయానికి వచ్చేసరికి ‘సిబ్బందికి కృతజ్ఞతలు’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉందని నేను అనుకోను. గ్రంథాలయంలో పని సవ్యంగా సాగుతున్నంతకాలం అక్కడ పని జరుగుతున్న సంగతే పాఠకుడికి తెలియదు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విభజించే డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827, తమిళ సాహిత్యానికి 894.811 సంఖ్యలు ఉన్నాయి. సర్దేటప్పుడు రెండు అంకెలు తారుమారుగా చదివి పుస్తకాన్ని మరో అరలో పెడితే, కంప్యూటర్ మాత్రం అది ‘లభ్యం’ అనే చూపిస్తుంది, పాఠకుడేమో అర దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. లక్షల సంపుటాలున్న చోట అర మారిన పుస్తకం పోయినదానితో సమానం. అనుభవమున్న ఉద్యోగి దాన్ని వెతికే తీరు గమనించదగినది. ముందుగా ఏ అంకెలు తారుమారై ఉండవచ్చో ఊహించి ఆ అరలు చూస్తారు. తరువాత సరైన అరకు పైనా కిందా, పుస్తకాల వరుస వెనక్కి జారిపడే సందులో, వాపసు వచ్చి ఇంకా సర్దని ట్రాలీలో, జిరాక్స్ యంత్రం పక్కన ఎవరో వదిలేసిన దొంతరలో చూస్తారు. పుస్తకం దొరికితే పాఠకుడు సంతకం చేసి పట్టుకుపోతాడు. ఆ వెతుకులాట ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు.

రిఫరెన్స్ విభాగంలో జరిగే పని ఇంతకన్నా సూక్ష్మమైనది. ఒక పరిశోధక విద్యార్థి సగం ఉదాహరింపుతో వస్తాడు: పత్రిక పేరు పొడి అక్షరాల్లో ఉంటుంది, సంవత్సరం తప్పుగా ఉంటుంది, పుట సంఖ్య అసలు ఉండదు. నేర్పున్న గ్రంథపాలకులు వెంటనే కంప్యూటర్ వైపు తిరగరు. ‘ఈ ప్రస్తావన మీకు ఎక్కడ కనబడింది?’ అని అడుగుతారు, ఆ మూల గ్రంథాన్ని తెప్పించి దాని చివర ఉన్న సంక్షిప్తాల పట్టిక చూస్తారు, ఆ పత్రిక మధ్యలో పేరు మార్చుకుందని, కొత్త పేరుతో సంపుటాల సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలైందని తేలుస్తారు. అప్పటికిగాని విద్యార్థి చేతిలోని సంపుటం సంఖ్యకూ సంవత్సరానికీ ఎందుకు పొంతన కుదరలేదో అర్థం కాదు. ఇక్కడ కృతజ్ఞత దక్కేది బల్ల వద్ద కూర్చున్నవారికి. కానీ పాత పేరునూ కొత్త పేరునూ కలుపుతూ ఎన్నో ఏళ్ల క్రితం కేటలాగులో రెండు పంక్తుల గమనిక రాసిపెట్టిన ఉద్యోగి లేకపోతే ఆ ముడి విడిపోయేది కాదు. వారు వెనక గదిలో పనిచేసినవారు. బహుశా ఈపాటికి పదవీ విరమణ కూడా చేసి ఉంటారు. గుర్తింపు గురించి ఆలోచించేవారు ముందుగా పట్టించుకోవలసింది ఈ వెనక గదినే అని నా అభిప్రాయం.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరిన గణితోపాధ్యాయుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర అయిదు సూత్రాల్లో నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమని చెబుతుంది. సిబ్బంది సేవను తూచడానికి ఇంతకన్నా మంచి కొలమానం నాకు తోచదు. అయినా గ్రంథాలయాల వార్షిక నివేదికలు తెరిస్తే కనబడేవి కొన్న పుస్తకాల సంఖ్య, ఇచ్చిన పుస్తకాల సంఖ్య, గేటు దాటి లోపలికి వచ్చినవారి సంఖ్య మాత్రమే. పాఠకులకు ఎంత కాలం కలిసివచ్చిందో ఏ పట్టికా చెప్పదు. 2020లో మహమ్మారి వల్ల భవనాలు మూతబడినప్పుడు, అవసరమైన పుటలను కాపీహక్కుల పరిమితికి లోబడి స్కాన్ చేసి ఇళ్లకు పంపిన సిబ్బంది ఎందరో ఉన్నారు; ఆ ఏడాది గేటు లెక్క ప్రకారం చూస్తే మాత్రం వారు ఏ పనీ చేయనట్టే.

సిబ్బంది చొరవ ఎంత దూరం వెళ్లగలదో చూపే ఉదంతం ఒకటి ప్రస్తావిస్తాను. 1997 జూలైలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ నగరంలో వరద వచ్చి, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలోని మోర్గన్ గ్రంథాలయం నేలమాళిగ మునిగింది. బైండు చేసిన పత్రికల సంపుటాలు సహా దాదాపు 5 లక్షల సంపుటాలు తడిసిపోయాయి. తడిసిన పుస్తకాలను గడ్డకట్టించి తేమ తీయించే పని ఒకవైపు నడుస్తుండగా, పాఠకులు అడిగే వ్యాసాలను ఇతర గ్రంథాలయాల నుంచి త్వరగా తెప్పించేందుకు అక్కడి సిబ్బంది ఒక విధానాన్ని రూపొందించుకున్నారు. అదే తరువాత ‘ర్యాపిడ్ ఐఎల్ఎల్’ (ఐఎల్ఎల్ అంటే గ్రంథాలయాల మధ్య ఎరువు) అనే వ్యవస్థగా ఎదిగి, ఇతర దేశాల విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు కూడా విస్తరించింది. ఈనాడు మరో గ్రంథాలయం నుంచి వ్యాసం త్వరగా తెప్పించుకుంటున్న పరిశోధకుల్లో ఎందరికి ఈ వరద సంగతి తెలుసు?

పురస్కారం పెట్టడం సులభం, సరిగా పెట్టడమే కష్టం. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2008 నుంచి ‘ఐ లవ్ మై లైబ్రేరియన్’ పేరుతో ఇస్తున్న పురస్కారానికి ప్రతిపాదనలు పాఠకుల నుంచే రావాలి, విశ్వవిద్యాలయ గ్రంథపాలకులు కూడా అర్హులే. ఎవరు సాయపడ్డారో సాయం పొందినవారే చెప్పాలన్న ఆ పద్ధతి నాకు నచ్చింది. అయితే గ్రంథాలయ శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా ఉండాలన్న నియమం వల్ల పుస్తకాలు సర్దేవారు, బైండింగ్ చూసేవారు, రాత్రి వేళ చదువుల గదిని కాపాడేవారు దాని పరిధిలోకి రారు. మన విశ్వవిద్యాలయాలు పురస్కారాలు ఏర్పాటు చేస్తే ఈ లోపాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు. హోదా, పట్టా, నియామకం పర్మినెంటా కాంట్రాక్టా అన్న తేడాలు లేకుండా, గ్రంథాలయంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ అర్హత ఉండాలి. పాఠకుల కంటబడని సాంకేతిక విభాగాల వారిని తోటి ఉద్యోగులు ప్రతిపాదించే వీలుండాలి, బృందంగా చేసిన పనికి బృందానికే ఇవ్వాలి. ఎంపిక సంఘంలో ఒక పరిశోధక విద్యార్థి తప్పక ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, సీనియారిటీ చూసి వంతులవారీగా పంచే అలవాటు దీనికి అంటకూడదు. యోగ్యమైన ప్రతిపాదన రాని ఏడాది పురస్కారం ఇవ్వకపోయినా నష్టం లేదు.

ప్రతిపాదన పత్రంలో ‘మర్యాదస్తులు, సహాయశీలి’ వంటి మాటలు కాకుండా ఫలానా పని ఇలా జరిగిందన్న వివరం అడగాలి. అందులో ఒక జాగ్రత్త అవసరం. ఎవరు ఏ పుస్తకం చదివారో బయటపెట్టకపోవడం గ్రంథపాలకుల వృత్తిధర్మం కాబట్టి, పాఠకుడు తనంతట తాను రాసిన వివరాలు తప్ప గ్రంథాలయ రికార్డుల నుంచి ఏవీ ఎంపిక సంఘానికి ఇవ్వరాదు.

ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా శాలువాలు కప్పడమేమిటని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి పురస్కారం జవాబు కాదు. నలుగురు చేయవలసిన పనిని ఒక్కరి నెత్తిన పెట్టి, ఆ ఒక్కరికి ఉత్తమ ఉద్యోగి అని బిరుదివ్వడం గౌరవం అనిపించుకోదు. కానీ పోస్టులు నిండేదాకా గుర్తింపు ఆగాలన్న వాదన కూడా నాకు సమ్మతం కాదు. ఎందుకంటే ఆ పని ఏమిటో, ఎంత నైపుణ్యం కోరుతుందో లిఖితపూర్వకంగా నమోదైతే, పోస్టుల కోసం అడిగేవారి చేతికి అదొక ఆధారమవుతుంది. జ్ఞాపిక అలమరలో చేరుతుంది. దానికన్నా వృత్తి సదస్సుకు వెళ్లే ఖర్చు, కొత్త శిక్షణ కోసం జీతంతో కూడిన సెలవు, పదోన్నతి సమయంలో లెక్కలోకి వచ్చే ఒక లిఖిత ప్రశంస ఎక్కువ ఉపయోగపడతాయి. ఆ ప్రశంసలో ఉద్యోగి చేసిన పని పేరాగ్రాఫు నిడివిలోనైనా వివరంగా ఉండాలి, విశ్వవిద్యాలయ వార్షిక నివేదికలో అచ్చు కావాలి.

పాలకమండళ్లు నిర్ణయం తీసుకునేందుకు ఎంత కాలం పడుతుందో తెలియదు. ఈలోగా పరిశోధక పర్యవేక్షకులు ఒక పని చేయవచ్చు: తమ విద్యార్థులు సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు, గ్రంథాలయంలో తమకు సాయపడినవారి అనుమతి అడిగి, వారి పేర్లు, వారు చేసిన పని కృతజ్ఞతల పుటలో రాసేలా చూడవచ్చు. దీనికి ఏ ఉత్తర్వూ, ఏ నిధులూ అక్కరలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆచార్యుడు