కోతితో పాటు దాని చదువు కూడా పక్కూరికి పోతోంది

సంపాదకులకు నమస్కారం.

'ఫలానా ఊళ్లో కోతులను పట్టి అడవిలో వదిలారు' అన్న వార్త మీ జిల్లా పేజీలో నెలకోసారైనా కనిపిస్తోంది. ఫొటోలో బోను, బోను పక్కన సర్పంచ్, వార్డు సభ్యులు. ఆ అడవి ఎక్కడుందో మాత్రం ఎవరూ రాయరు. మా అనుభవంలో చాలాసార్లు ఆ అడవి అంటే పక్క మండలమే.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. సిద్దిపేట జిల్లాలో మా ఊరి పక్కనే రెండెకరాల చెలక ఉంది. పల్లీ వేయడం ఎప్పుడో మానేశాం. మూడేళ్ల కింద మక్క కూడా బంద్. ఎందుకో మీ పాఠకుల్లో చాలామందికి చెప్పక్కర్లేదు. ఇప్పుడు పత్తి వేస్తున్నాం, దాని మీద కోతులకు అంత మోజు లేదు కాబట్టి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అరుగు మీద కూర్చుని ఉంటే ఎదురింటాయన బండి ఆపి లోపలికి వెళ్లాడు. హ్యాండిల్‌కు ఒక పక్క గుడ్డ సంచి, రెండో పక్క పల్చటి ప్లాస్టిక్ కవరు. గోడ మీది తల్లికోతి గుడ్డ సంచి వైపు చూడను కూడా లేదు. నేరుగా కవరు దగ్గరికి వచ్చింది. పైన ముడి విప్పే పని పెట్టుకోలేదు, అడుగు భాగాన్ని గోటితో చీల్చింది. అరటిపండ్లు కింద పడ్డాయి. గోడెక్కి తింటుంటే పొట్టకు కరుచుకున్న పిల్ల తల ఎత్తి, తల్లి మూతి దగ్గర మూతి పెట్టి వాసన చూసింది. తల్లి పారేసిన తొక్క తీసుకుని నాకింది. ఎదురింటాయన బయటికొచ్చి, కేకలేసి, కర్ర తెచ్చేసరికి పండ్లు అయిపోయాయి. నన్ను ఆపేసింది ఆ తర్వాత జరిగింది. ఆ పిల్ల దిగివచ్చి ఖాళీ కవరు పట్టుకుంది. అందులో ఏమీ లేదు. అయినా తల్లి చీల్చినట్టే అడుగు నుంచే చీలుస్తూ చాలాసేపు కూర్చుంది.

కొమ్మ పట్టుకోవడం, తల్లిని కరుచుకోవడం కోతికి పుట్టుకతో వస్తాయి. కవరులో పండ్లుంటాయని పుట్టుకతో రాదు. తల్లి పొట్ట మీదా వీపు మీదా తిరిగే నెలల్లో ఏది తినాలి, ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి భయపడాలి అన్నవన్నీ పిల్ల చూసి నేర్చుకుంటుంది. ఊళ్లో పుట్టిన పిల్లకు ఊరే బడి.

ఇది నేను కొత్తగా చెబుతున్న మాట కాదు. జపాన్‌లో కోషిమా అనే చిన్న దీవి ఉంది. 1953లో అక్కడ ఇమో అనే ఏడాదిన్నర ఆడ కోతిపిల్ల, ఇసుక అంటిన చిలగడదుంపను నీళ్లలో కడిగి తినడం మొదలుపెట్టింది. దాని తోటి పిల్లలు చూసి నేర్చుకున్నాయి, తల్లీ నేర్చుకుంది. పెద్ద మగకోతులు చాలావరకు నేర్వలేదు. తర్వాత పుట్టిన పిల్లలకు అది తల్లుల నుంచి వచ్చిన అలవాటైపోయింది. ఈ కథ చెప్పేవాళ్లు కోతి తెలివిని మెచ్చుకుంటారు గానీ ఒక ముక్క వదిలేస్తారు. ఆ దుంపలు దీవిలో పండినవి కావు. కోతులు అడవిలోంచి బయటికి వస్తే చూడొచ్చని పరిశోధకులే ఇసుక మీద పెట్టారు. అంటే పాఠం మొదలుపెట్టింది మనిషే!

భయం సంగతి కూడా అంతే. ల్యాబ్‌లో పుట్టి పెరిగిన ఎర్రమూతి కోతులకు పాములంటే భయం ఉండదు. అమెరికాలో సుసాన్ మినెకా అనే సైకాలజిస్టు 1980లలో వాటికి, అడవిలో పెరిగిన కోతి పామును చూసి హడలిపోవడం చూపించారు. కొన్ని నిమిషాల్లోనే అవీ భయపడటం నేర్చాయి. మూడు నెలల తర్వాత చూసినా ఆ భయం పోలేదు. అదే పువ్వును చూసి బెదిరినట్టు వీడియో తయారుచేసి చూపిస్తే మాత్రం నేర్చుకోలేదు. ఏది పడితే అది వాటికి ఎక్కదన్నమాట.

ఈ లెక్కన మన చేన్లలో కట్టిన పులి ఫ్లెక్సీలు, కొండెంగ బొమ్మలు ఎందుకు వారం దాటి పనిచేయవో చూడండి. మొదటి రోజు కోతి ఆగుతుంది. ఆ పులి కదలదు, ఎవర్నీ పట్టదు. నాలుగో రోజు తల్లి దాని పక్కనుంచే నడిచిపోతుంది, వీపు మీది పిల్లకు పులంటే గుడ్డ అని తెలిసిపోతుంది. కోహెడ దగ్గర ఒక రైతు కూలి ఇచ్చి మనిషికి ఎలుగుబంటి వేషం వేయించాడని ఆమధ్య వార్త వస్తే అంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఫ్లెక్సీ కన్నా అదే నయం, కనీసం ఆ ఎలుగుబంటి వెంటపడుతుంది.

ఇక శనివారం సంగతి. మా గుడి దగ్గర మంగళ, శనివారాలు అరటిపండ్లు, పుట్నాలు, కొబ్బరి ముక్కలు పెడతారు. హనుమంతుడి మీద భక్తితో పెట్టేవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు, మా అమ్మా పెట్టేది. కానీ పావురాలతో అమెరికన్ సైకాలజిస్టు స్కిన్నర్ చేసిన ప్రయోగాలు మా సిలబస్ పక్కన పెట్టినా చెప్పుకోవాలి. నొక్కిన ప్రతిసారీ గింజ వచ్చే మీటను, గింజ ఆగిపోయాక పావురం తొందరగానే వదిలేస్తుంది. ఎప్పుడో ఒకసారి, అదీ లెక్క తెలియకుండా గింజ వచ్చే మీటను మాత్రం వదలదు, కొడుతూనే ఉంటుంది. ఆరు ఇళ్లలో రాయి, ఏడో ఇంట్లో పండు దొరికే వీధి సరిగ్గా అలాంటి మీటే. కార్లు ఆపి బిస్కెట్లు విసిరే ఘాట్ రోడ్లూ అంతే.

ఇప్పుడు బోనుల దగ్గరికి వస్తాను. మా పంచాయతీ తలకింత అని మాట్లాడుకుని రెండుసార్లు పట్టించింది. బోను లోపల చూస్తే అన్నీ పిల్లలూ, పిల్లల తల్లులూ. ముదురు మగవి ఒకటో రెండో. కోతుల్లో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి ఎదిగాక వేరే గుంపులు వెతుక్కుంటాయి. కాబట్టి ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ ఇంటి తలుపు సరిగ్గా పడదో తెలిసింది ఆడవాటికే. వాటిని తీసుకెళ్లి పక్క మండలంలో వదిలితే అక్కడికి పోయింది కోతులే కాదు, ట్రైనింగ్ అయిన టీచర్లు కూడా. నాలుగు నెలలకు పక్క మండలం వాళ్లు పట్టినవి మా గుట్ట మీద దిగాయి. వాటర్ ట్యాంక్ మూత ఎత్తి లోపల స్నానం చేయడం మా కోతులకు తెలియదు. వచ్చినవి చేశాయి. ఇప్పుడు మావీ చేస్తున్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2022 సవరణతో వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలోంచి, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాల్లోంచి, ఎర్రమూతి కోతిని తీసేశారు. తల మీద టోపీలా వెంట్రుకలు, పొడవాటి తోక ఉండే మన దక్షిణాది కోతికి మాత్రం రక్షణ ఉంది. ఒకప్పుడు గోదావరికి ఆవల ఎర్రమూతిది, ఈవల టోపీ కోతిది అనేవారు. ఇప్పుడు ఎర్రమూతి గోదావరి దాటి చాలా కిందికి వచ్చేసింది. వల వేసేవాడు ఈ తేడా చూస్తాడా? పంచాయతీ చూస్తుందా?

హిమాచల్‌ప్రదేశ్ 2007 ప్రాంతం నుంచి పట్టిన కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, పట్టిన చోటే వదులుతోంది. ఇప్పటికి లక్ష దాటాయి. అక్కడ బెడద పూర్తిగా పోయిందని నేననను, కానీ ఒక ఊరి పాఠాన్ని ఇంకో ఊరికి మోసే పని మాత్రం లేదు. మన రాష్ట్రంలో నిర్మల్ జిల్లా చించోలిలో 2020లో ఇలాంటి కేంద్రం తెరిచారు. మా ఊరి నుంచి అక్కడికి బోను తీసుకెళ్లాలంటే డీజిల్ ఖర్చుకే పంచాయతీ చేతులెత్తేస్తుంది. పక్క మండలం అయితే గంట దూరం. ఎటు పోతారో వేరే చెప్పాలా? మంకీ ఫుడ్ కోర్టులని పండ్ల మొక్కలూ నాటారు. మాకు దగ్గర్లో ఉన్నదానిలో బోర్డు బాగానే ఉంది.

సర్పంచ్ ఎన్నికల్లో మా ఊళ్లో ముగ్గురు అభ్యర్థులూ కోతులను తరిమేస్తామనే ఓట్లు అడిగారు. గెలిచినాయన ఇప్పుడు మళ్లీ బోను పిలిపించే ఆలోచనలో ఉన్నారు. మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరేది ఇంతే: కనీసం ఉమ్మడి జిల్లాకు ఒక ఆపరేషన్ కేంద్రం పెట్టండి, పట్టిన కోతిని ఏ గుంపులోంచి తెచ్చారో ఆ గుంపు దగ్గరే వదలాలని రూలు పెట్టండి, రాత్రిపూట లారీల్లో ఊరి శివార్లలో దించడం ఆపండి. గుడి దగ్గర తిండి విషయం మేం గ్రామసభలో మాట్లాడుకుంటాం. పోయినసారి ఆ మాట ఎత్తితే మా వీధి అవ్వ ఒకామె లేచి, "మరి శనివారం నేనేం చెయ్యాలె సారూ?" అని అడిగింది. గుట్ట మీద మేడి, రావి నాటి నీళ్లు పోద్దామన్నాను. "నేను పోయేసరికి కాస్తయా అవి?" అంది. ఈ వానాకాలం నాలుగు మొక్కలు తెచ్చి ఆమె చేతనే పెట్టించాలనుకుంటున్నాను.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
సిద్దిపేట జిల్లా